అంతా ఉత్తదే అనే అంబదాస్

అంబదాస్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే రోగం. టీవీల రాజకీయ సీరియల్ వస్తుంటే ఎదురుంగ కూసొని "అంతా ఉత్తదే" అంటడు. అది గూడ మెల్లగ అనడు. యూనుస్ హోటల్ల అంటె రోడ్డవతల మందుల దుకాణపాయనకు వినవడాలె.

హుజూరాబాద్ పోయే తొవ్వల ఉంటది మా చిన్న మున్సిపాలిటీ. ఏడు కొట్టంగనే ఊరి మగోళ్లంత యూనుస్ హోటల్ల ఉంటరు. సీరియల్ల నల్లద్దాల మంత్రి ఒకడున్నడు, అడ్డమొచ్చినోన్ని అన్నం తిన్నంత సులువుగ మాయం జేస్తడు. చాయ్ చల్లారిపోతున్నా సూడకుండ జనం ఊపిరి బిగవడతరు. మంత్రి తుపాకి తీస్తడు. అంబదాస్ లేస్తడు.

"అంతా ఉత్తదే. నేను ఐదేండ్లు కౌన్సిలర్ జేసిన. పొద్దున లేస్తె లీడర్‌కు మూడు పెండ్లిళ్లు, రెండు సావు దినాలు, ఒక పుట్టువెంట్రుకలు. మర్డర్ జేసుటానికి టైమేడిది?"

అందరు నవ్వుతరు. ఎవడు సచ్చిండో, ఎందుకు సచ్చిండో ఒక్కనికి సమజ్ గాదు. ఒకనాడు మంత్రి ఒక్క కార్లనే వచ్చిండని గంటసేపు పంచాయితి వెట్టిండు. ఎనుక పది బండ్లు, ముందట డీజే లేనోడు మంత్రి ఎట్లయితడట. నోరు ఖాళీ లేకుంటె ఊకుంటడేమోనని యూనుస్ రెండు బిస్కట్లు చేతుల వెట్టిండు. బిస్కట్ నోట్లుండంగనే అన్నడు. సబ్బు అడ్వటైజ్‌మెంట్ వచ్చినా అదే మాట.

యూనుస్ బిడ్డ రిదా డిగ్రీ జదివింది. మోరీల మురికినీళ్లు ఇండ్లల్లకొస్తున్నయని మూడేండ్లసంది మున్సిపాలిటీ చుట్టు తిరుగుతున్నది. ఈసారి వార్డు ఆడోళ్లకు రిజర్వైంది. గల్లీవోళ్లంత గూడి ఆమెతోని నామినేషన్ ఏపిచ్చిండ్రు. పిల్లకు మస్తు సంబురమైంది. మోరీ బాగుచేపిచ్చే తొవ్వ దొరికింది గదా.

గా వారమే సీరియల్ల మంత్రి, ఓట్లల్ల తనమీద నిలవడ్డ ఆడామెకు పాలల్ల విషం కలిపిచ్చిండు. తెల్లారి నుంచి రిదా తల్లి మహబూబ్‌బీకి పరేషాన్ వట్టుకున్నది. ఏదైనా తను రుచి సూసినంకనే బిడ్డకిచ్చుడు. చాయ్ సూసింది, నీళ్లు సూసింది, ఆఖరికి తలనొప్పి గోలీ గూడ సగం కొరికి సూసింది. ముందు నవ్విన రిదా గూడ మెల్లగ పాలు తాగుడు బంద్ వెట్టింది. గా మంత్రే కలలకొస్తుండు. రేపు మూడుగంటలే ఆఖరు, ఆ లోపల నామినేషన్ విత్‌డ్రా జేసుకుంటనని హోటల్ల బాపుకు చెప్పింది.

పక్కనే ఉన్న అంబదాస్ నవ్విండు. ఉత్తదానికి జడుస్తవా బిడ్డా, ఐదేండ్లల్ల నన్ను ఒక్కడన్న గిల్లిండా అని అడిగిండు.

రిదా మనసు కుదురుకోలే. తెల్లారి పగటిపూట విత్‌డ్రా ఫారం వట్టుకొని బయలెల్లింది. అంబదాస్ చాచాకు ఒకమాట చెప్పి పోదామని ముందుగాల వాళ్లింటికి పోయింది. ఆయన లేడు. ఆయన భార్య చంద్రవ్వ వాకిట్ల మగ్గానికి నూలు కండెలు సుడుతున్నది. చాచా కౌన్సిలర్‌గున్న రోజులు అంత మంచిగ గడిచినయా అని రిదా అడిగింది. చంద్రవ్వ కండె పక్కన వెట్టి మరీ నవ్వింది.

"మంచిగనా? టీవీల సూపెట్టేది అండ్ల సగం గూడ లేదు బిడ్డా."

ఓట్లప్పుడు నెలరోజులు వాళ్లింటికి ఎవడో కరెంట్ తీగె కోసి వోయిండట. చైర్మన్ ఎన్నికకు ముందు, గెలిచినోళ్లను అవతలోళ్లు గుంజుకపోకుండ క్యాంప్ అని తీస్కపోయి దూరం లాడ్జిల దాచిపెట్టిండ్రట. పదకొండు దినాలు ఫోన్ గుంజుకున్నరట. మొగడు యాడికో పారిపోయిండని చంద్రవ్వ పోలీసుల దగ్గర గూడ ఏడ్చిందట. తిరిగొచ్చినంక ఆరునెలలు తలుపెనుక కట్టె వెట్టుకొని పండుకున్నడట.

"ఇంటికొచ్చి నాతోని ఏమంటడో ఎర్కేనా? గీ టీవీ మంత్రి మా చైర్మన్ కంటె శాన నయమంటడు."

"మరి హోటల్ల గట్లెందుకంటడు చిన్నమ్మా?"

"నీకోసమే. గా మోరీ కోసం తిరిగే పిల్ల ఎప్పటికన్న నిలవడతది, గిది సూసి జడుస్తది అన్నడు. నేను ఒర్రుకుంటుంటె గా మంత్రి మాట పిల్ల చెవుల వడదు అన్నడు."

రిదాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నవ్వు గూడ వచ్చింది. ఇన్నిదినాలు ఆయన మాట వినవడొద్దని టీవీ సౌండ్ పెంచింది తనే మరి.

ఆమె హోటల్ కాడికొచ్చెటాళ్లకు రెండున్నరైంది. టీవీ బందున్నది. యూనుస్ పొయ్యి కాడున్నడు, అంబదాస్ ఒక్కడే మూలకు కూసున్నడు. ఆమె చేతిల ఫారం సూడంగనే మొఖం మాడిపోయింది. ఇంక మూడు గాలేదు బిడ్డా, జర ఆలోచించు అన్నడు.

రిదా ఎదురుంగ కూసొని ఫారం బోర్ల వెట్టింది, పెన్ను తీసింది.

"చిన్నమ్మ అంత చెప్పింది చాచా. గిప్పుడు నిజం చెప్పు. ముందుగాల ఏంజేస్తరు? రాసుకుంట."

అంబదాస్ అటిటు సూసిండు. ఆ హోటల్ల ఆయన గొంతు తగ్గించి మాట్లాడుడు యూనుస్ ఎన్నడు సూడలే.

"ముందుగాల కరెంట్ తీగె కోస్తరు. ఛార్జింగ్ లైట్ ఒకటి కొనుక్కో. క్యాంపుల ఫోన్ గుంజుకుంటరు, అందుకే రెండు ఫోన్లు వెట్టుకో, పాతది వాళ్ల చేతికియ్యి..."

మూడు కొట్టెటాళ్లకు విత్‌డ్రా ఫారం ఎనుకదిక్కు నిండిపోయింది. రిదా ఇంకో కాయిదం అడిగింది.