రెండు వందలు నూరైన వారం

మా ఆయనకు రోజూ ఉదయం ఆరున్నరకు వేలు పొడిచి షుగరు చూసేది నేనే. ఆ అంకెలన్నీ నోటుపుస్తకంలో రాసేదాన్ని. పుస్తకానికి చెదలు పట్టాక మా కోడలు వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించి, నా ఫోనులో రాయడం నేర్పింది. ఈ నెల సగటు రెండు వందలు దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందేనని డాక్టరు చెప్పి పంపాడు. వేలు పొడిస్తే ఊరుకునే మనిషి, పొట్టకు సూది అనగానే వణికిపోయాడు.

సోమవారం సగటు తీస్తే నూట నలభై వచ్చింది. మళ్లీ కూడి చూశాను. అదే. కౌల్ బజార్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో నాలుగు బెల్లం ఓళిగలు తిన్న మర్నాడు ఆయనకు రెండు వందల ముప్పై రెండు. నాకు బాగా గుర్తు, ఆ పూటంతా మేం మాట్లాడుకోలేదు. ఫైల్లో మాత్రం నూట ముప్పై రెండుంది. రెండు వందలు దాటిన ప్రతి అంకెలోనూ ముందున్న రెండు ఒకటైపోయింది. అలాగే డాక్టరుకు చూపించి ఉంటే ఉన్న మాత్రలు కూడా తగ్గించేవాడు.

మా అబ్బాయి లారీ తోలుతూ వారమంతా బయటే ఉంటాడు. మా ఆయన తనకు ఫోను ఎత్తడమే రాదంటాడు. మిగిలింది కోడలు. సాయంత్రం ఆమె కుడతిని పవర్ ప్లాంటు నుంచి రాగానే అడిగేశాను.

"నా ఫైల్లో నీకేం పని?"

"నాకేం పని అత్తా! మా గేటు కాడ ఫోన్లు పెట్టించుకుంటారు. ఇదో, ఈడ చూడు, ఎప్పుడు మార్చినారో అంతా ఉండాది."

చూశాను. అన్ని మార్పులూ నా పేరు మీదే ఉన్నాయి, అన్నీ మధ్యాహ్నం రెండూ ఇరవై ప్రాంతంలోనే. ఆ వేళకు నేను కునుకు తీస్తుంటాను.

"నిద్రలో లేసి మార్చినావేమో అత్తా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాత అంకెలన్నీ తిరిగి పెట్టించాను. మంగళవారం పాస్‌వర్డ్ మార్చాను. గురువారం చూస్తే రెండ్లన్నీ మళ్లీ ఒకట్లయ్యాయి.

"కొత్త పాస్‌వర్డ్ యాడన్నా రాసినావా?" అంది కోడలు.

రాయకుండా ఎలా ఉంటాను? గోడ మీది క్యాలెండర్‌లో, మంగళవారం గడిలో, పాలు రాలేదన్న దానికీ గ్యాస్ బుక్ చేశామన్న దానికీ మధ్య రాశాను. మా ఇంట్లో ఏ లెక్కైనా అక్కడే ఉంటుంది.

కోడలు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

శుక్రవారం మళ్లీ మార్చాను. అసలుది మనసులో పెట్టుకుని, తప్పుడుది గడిలో రాశాను. శనివారం మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకున్నాను. కాసేపటికి మా ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. వార్తలు వినడానికని ఇచ్చిన నా పాత ఫోను ఆయన చేతిలో ఉంది.

"ఏమే, నిద్రపోతాండావా? నీ లెక్క ఎప్పుడూ తప్పదు కదా. క్యాలెండర్‌లో రాసింది ఈసారి ఏందో తప్పినట్టుండాది, ఒకసారి చూసుకో."

లేచి కూర్చున్నాను. "తప్పని నీకెట్ల తెలిసె?"

అప్పటికి అర్థమై ఫోను వీపు వెనక దాచుకున్నాడు.

"ఏమప్పా కాటా దొరా! ముప్పై ఏండ్లు గనుల లారీలు తూకమేసినా, ఒక్క కిలో తగ్గించి రాయలేదని ఊరంతా చెప్పుకుంటివే!"

"అది మంది సరుకు. ఇది నా సొంత నెత్తురు," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ సూది పడితే మనిషి పని అయిపోయినట్టే అంటారు గదే," అన్నాడు.

పక్కకు జరిగి మంచం మీద ఆయనకు చోటిచ్చాను. అంకెలు మాత్రం సరిచేశాను.

సోమవారం డాక్టరు ముందు నేను ఫోను తీసేలోగా ఆయనే లాక్కున్నాడు. కాటా దగ్గర అరిచే గొంతుతో ఒక్కొక్కటే చదివాడు. ఓళిగల దగ్గర మాత్రం గొంతు తగ్గింది. సగటు రెండు వందల పద్దెనిమిది.

"హెదరబేడి యజమానరే," అని కన్నడంలో భయపడొద్దని చెప్పి, డాక్టరు రోజూ పొద్దున ఆరు యూనిట్ల సూది రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పొడిస్తే చెప్పే."

"పొడిచి రెండు నిమిషాలాయె."

ఒక కన్ను తెరిచి పొట్ట చూసుకున్నాడు. లేచి వెళ్లి క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ఆరు యూనిట్లు అని రాశాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. ఆరనే ఉంది.