సిమెంటు పోసిన బోరు

గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే దారిలో, ఒక వరిపొలం మూలన మా బోరు ఉండేది. ఫ్యాక్టరీ పొగలోంచి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలో కలిపి, ఒండ్రుమట్టికి చాలా దిగువనున్న నల్లరాతిలోకి పంపాం. అక్కడ అది రాతితో కలిసి తానూ రాయైపోవాలి. నా ఉద్యోగమంతా అది నిజంగా రాయవుతుందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే గడిచింది. మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. ఇలాంటి పొగలతో భూమి వేడెక్కి, సముద్రం ముందుకొచ్చి, ఉప్పు ఎక్కి అక్కడి చేలు ఒక్కొక్కటే పాడవడం చూస్తూ పెరిగినదాన్ని. నాకది ఉత్త ఉద్యోగం కాదు.

పొలం ఒకావిడది. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకునేది. మొదట ఒప్పుకోలేదు.

"లోపల పెట్టింది పైకొస్తే మా గతేంటమ్మా?"

"రాయైపోతుంది పిన్నిగారూ. అయ్యాక రుజువు మీకే ముందు చూపిస్తాను."

ఆ మాట మీద సరేనంది.

రాయైందో లేదో తెలియాలంటే అడుగు నుంచి నీళ్లు తీసి పరీక్షించాలి. సరిగ్గా అప్పుడే ప్రాజెక్టు ఆపేశారు. బోరు మూసేయమన్నారు. ఫోనులో బతిమాలాను. "మూసేలోపు తీసుకోగలిగితే తీసుకోండి" అన్నారు పైఅధికారి.

మూసే రోజు పొద్దున్నే స్టీలు సీసాను తీగకు కట్టి దించాం. పైకి లాగుతుంటే మధ్యలో ఇరుక్కుంది. సిమెంటు లారీ అప్పటికే వచ్చేసింది.

"మేడమ్, ఇంకా లాగితే తెగిపోద్దండి" అన్నాడు మా సైటు ఇంజినీరు.

"కాస్త వదిలి లాగండి."

వదిలాడు, లాగాడు. కదల్లేదు.

"లారీలో సిమెంటు గట్టిపడిపోద్దండి. ఇంక ఆపలేను."

"ఒక్కసారండీ. ఇంకొక్కసారి."

అతను నా మొహం చూసి మళ్లీ తీగ చుట్టే మోటారు వేశాడు. తీగ బిగిసి, ఒక్కసారిగా వదులైపోయింది. తెగిన కొస గిరగిరా తిరుగుతూ పైకొచ్చింది.

"ఇంకో సీసా లేదా?" అని అరిచాను. లేదని నాకూ తెలుసు. అతను అవతలికి నడిచి లారీవాళ్లకు చెయ్యి ఊపాడు. నేను బురదలో కూలబడ్డాను. నా పక్కనుంచే సిమెంటు జారుతూ లోపలికి పోయింది.

గోల విని ఆవిడ వచ్చింది.

"రాయైందా అమ్మా?"

"తెలీదు పిన్నిగారూ."

"మరి ఎప్పుడు తెలుస్తది?"

తెగిన తీగ కొస చూపించాను. ఆవిడ తిట్టినా బాగుండేది. బోరు వైపు చూస్తూ, "మేం ఇక్కడే ఉండాలి కదమ్మా" అంది, మెల్లగా.

ఇప్పుడు బందరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రాయి అయ్యే ఉండాలని లెక్కలన్నీ చెబుతాయి. పిల్లలకూ అదే చెబుతాను. ఎవరైనా "చూశారా మేడమ్?" అని అడిగితే మాత్రం బోర్డు వైపు తిరిగిపోతాను. ఇంకో బోరు వేయనివ్వమని అడగని ఆఫీసు లేదు. కొందరు కుదరదన్నారు, చాలామంది బదులే ఇవ్వలేదు. నిన్న మళ్లీ ఒక దరఖాస్తు పంపాను. ఎవరికి పంపానో కూడా సరిగ్గా చూసుకోలేదు.