మగ్గం గుంజ మీద సుద్ద గీతలు

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని కబురందిన రోజే, ఆమెకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సారు పోయారు. గుండె ఆగిందట. ఆ సంగతి తెలియక, నా చేత్తో తినిపించాలని మైసూర్‌పాకు పొట్లం పట్టుకుని ఆయన ఇంటికి బయలుదేరాను. ధర్మవరం బస్టాండులో ఎవరో చెప్పారు. పొట్లం అట్లాగే ఉంది. నాకు కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. ఏడో తరగతితో బడి మానేసిన నేతగాణ్ణి, రాయడం నాకు చేతకాదు. అయినా ఆ మహానుభావుడి గురించి చెప్పకుండా ఉండలేను.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది, లేకలేక పుట్టిన నా బిడ్డ కాలేజీ మానేస్తానని మొండికేసినప్పుడు. కాలేజీలో చీరల అంగడికి కంప్యూటర్ ప్రోగ్రాం రాయమన్నారట. నా తల్లి పట్టుచీరకొకటి, నూలుచీరకొకటి, ధోవతికొకటి, అంతా మొదటినుంచీ రాసుకుంటూ పోయింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తప్పు మిగిలింది. క్లాసులో అందరి ముందూ ఆ ప్రోగ్రాం ఆగిపోయింది. "నాకు రాదు నాయనా. ఇంట్లో కండెలకు దారం చుట్టుకుంటా" అని మూల కూర్చుంది.

కుర్చీ వేసినా సారు కూర్చోలేదు. నేను దిగి నేసే మగ్గం గుంత అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అక్కడే. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క, జేబంతా తెలుపు.

"అన్నా, నెమలి అంచు తీసి గోపురం అంచు వేయాలంటే ఏం చేస్తావు?"

ఏ పోగు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు మగ్గం పైనుండే జకార్డు పెట్టె మీద ఉంటాయి. "అంచు అట్టలు మారుస్తా సారూ" అన్నాను.

"మరి చీర ఒంటికుండే అట్టలు?"

"అవెందుకు ముట్టుకుంటా? పని ల్యాకనా?"

సారు మూలకు తిరిగారు. "ఇన్నావా పాపా? మీ నాయన అంచు మారిస్తే చాలనుకుంటాడు. నువ్వేమో ప్రతి చీరకీ అట్టలన్నీ కొత్తగా గుచ్చుతాండావు."

మూలనుంచి నవ్వు వినబడింది. నా ప్రాణం లేచొచ్చింది!

సారు మగ్గం గుంజ మీద పైన ఒక డబ్బా గీసి 'చీర' అని రాశారు. కింద 'పట్టు', 'నూలు' అని రెండు డబ్బాలు, మధ్యలో గీతలు. "పైనుండేదంతా కిందికి దానంతటదే వస్తాది. ఇదే ఇన్‌హెరిటెన్స్, అంటే వారసత్వం. ఉన్నదాన్ని మళ్లీ రాయొద్దు పాపా, మారేదే రాయి."

"వారసత్వమా సారూ? మా అన్నదమ్ములకు కొట్లాటే వచ్చిండాది" అన్నాను.

"ఇది ఎంతమందికిచ్చినా తరగదులే అన్నా."

పాలిమార్ఫిజం అనే మాటకు నా నోరు తిరగదు. దానికీ మగ్గమే చూపించారు. గోడ అవతల మా బామ్మర్ది మగ్గం ఉంది. ఇద్దర్నీ ఒకేసారి తొక్కమన్నారు. నా మగ్గంలో మామిడిపిందె పోగులు లేచాయి, వాడి మగ్గంలో చిలుక పోగులు.

"చెప్పింది ఒకటే మాట, తొక్కు అని. ఏం లేపాల్నో ఏ మగ్గానికి ఆ మగ్గానికే తెల్సు."

"ఏమప్పా, తొక్కేదానికి గూడా పాఠమా?" అవతలనుంచి బామ్మర్ది అరిచాడు. "సారుకు టీ అన్నా పోసినారా ల్యాదా?"

ఆ సాయంత్రమే నా బిడ్డ మళ్లీ పుస్తకం పట్టింది.

పోయిన నెల, ఇంటర్వ్యూకు ముందు రోజు సారు వచ్చి, చెరిగిన గీతల మీద మళ్లీ సుద్ద దిద్దారు. "ఆడ మర్చిపోతే ఎట్ల సారూ?" అంది అమ్మాయి. "కండ్లు మూసుకో. మీ నాయన మగ్గం ఇనిపిస్తాది" అన్నారు. ఇంటర్వ్యూలో సారు చెప్పిన ఆ పాఠమే అడిగారట. మా తల్లి మగ్గం కథంతా చెప్పి వచ్చింది, దాంతోనే గెలిచింది! ఆ గెలుపు మాట సారు చెవిన వేయాలనే నా ఆరాటమంతా.

ఈ ఉదయం మగ్గంలో దిగాను. చీర నేసి దించాలి, పెళ్లివాళ్లు ఎదురుచూస్తున్నారు. ఒక్కసారి తొక్కానో లేదో, గుంజ అదిరి సుద్ద రాలింది. కాలు తీసేశాను. బయటికి పోయాను, లోపలికి వచ్చాను, మళ్లీ పోయాను. అమ్మాయి చూస్తూనే ఉంది. వచ్చి గుంత అంచున, సారు కూర్చునే చోట, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

"తొక్కు నాయనా."

"రాలిపోతాదే తల్లీ."

"రాలనీ. నాకొచ్చు గదా."

తొక్కాను. పోగులు లేచాయి. తెల్లటి పొడి కొంచెం కొంచెంగా ఆమె పాదాల మీద పడుతోంది.