‘తెలియదు’ అనడం నేర్పిన మాస్టారు

ఆ సోమవారం పొద్దున్న కాలేజీకి బయల్దేరుతుంటే మాస్టారి భార్య ఫోన్ చేశారు. “మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా. నిద్రలోనే. ఏ బాధా పడలేదు” అన్నారు. నా నోట ముందుగా వచ్చిన మాట “అమ్మయ్య”. ఆవిడ “అవునమ్మా” అన్నారు. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది.

చావు కబురు విని అమ్మయ్య అనడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మాట అనగలగడం ఎంత అదృష్టమో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆయన నా పీహెచ్‌డీ గైడు. రాజమండ్రి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవారు. ఇల్లు రావులపాలెం. సోమవారం వస్తే చాలు, చంకలో సంచీతో, సంచీలో చక్రకేళి అరటిపళ్ళతో బస్సు దిగేవారు. మా చాప్టర్లలో తప్పులు చూపించే ముందు చేతిలో ఒక పండు పెట్టేవారు. నోట్లో పండు ఉంటే ఎదురు చెప్పలేమని ఆయన లెక్క. అది తెలిసి కూడా ప్రతిసారీ తినేవాళ్ళం.

ఆయన పరిశోధన ఎజైల్ మీద. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు, తక్కినవారి కోసం రెండు ముక్కలు. మొత్తం ప్లాను ముందే గీసుకుని చివర్లో ఒకేసారి అప్పజెప్పడం కాకుండా, కొంచెం కొంచెం తయారుచేసి, వాడేవాళ్ళకు చూపించి, దిద్దుకుంటూ పోయే పద్ధతి అది. పొద్దున్నే జట్టంతా నిలబడి కాసేపు మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డమేమైనా వచ్చిందా? అంతే. నిలబడితే కాళ్ళు లాగుతాయి కాబట్టి ఉపన్యాసాలు ఉండవు.

అయితే మాస్టారికి ఆ పద్ధతి మీద కన్నా, దాని గురించి లోకానికి నిజంగా ఎంత తెలుసు అన్నదాని మీద ఎక్కువ గురి. ఏళ్ళ తరబడి పేపర్లన్నీ చదివి, ఏది గట్టిది, ఏది గాలి మాట అని వేరుచేస్తూ ఒక సమీక్ష రాస్తుండేవారు. “దీన్ని వాడేవాళ్ళు ఊరూరా ఉన్నారమ్మా. నిలబెట్టి పరీక్షించినవాళ్ళే తక్కువ. కొందరేమో అందుబాటులో ఉన్నారు కదా అని కాలేజీ పిల్లల మీద ప్రయత్నించి, అదే కంపెనీలకీ వర్తిస్తుందన్నారు. కొందరు ఆ పద్ధతి పెట్టినవాళ్ళనే బాగుందా అని అడిగి, బాగుందని రాసుకొచ్చారు. ఆత్రేయపురంలో కొట్టు ముందు నిలబడి పూతరేకులు ఎలా ఉంటాయని కొట్టువాణ్ణే అడిగితే ఏం చెప్తాడు?” అనేవారు.

ఆ నిలువు మీటింగును మా డిపార్ట్‌మెంట్‌లో పెట్టాలని ఆయనకు ఎంతో ఆశ. గదిలో కుర్చీలన్నీ తీయించేశారు. మొదటి రోజే మా సీనియర్ లెక్చరర్ ఒకాయన పక్క ల్యాబ్ నుంచి కుర్చీ మోసుకొచ్చి మాస్టారి వెనక వేశారు. “తమరు నిలబడితే బాగోదండి” అన్నారు. మాస్టారు కూర్చోనన్నారు. లెక్చరర్ గారు వేసిన కుర్చీ వెనక్కి తీసుకోనన్నారు. చివరికి మొహమాటానికి మాస్టారు కూర్చున్నారు. ఆయనొక్కరే కూర్చుంటే ఆయనకే ఇబ్బందని మరో కుర్చీ వచ్చింది. వారం తిరిగేసరికి అందరం కూర్చున్నాం, టీ కూడా వచ్చింది, మీటింగు గంట నడిచింది. “ఈ మర్యాద గురించి ఒక్క పేపర్లోనూ రాయలేదేంటి!” అని ఆయన తల పట్టుకున్నారు. నా థీసిస్ అక్కడే పుట్టింది.

భీమవరం వైపు రొయ్యల చెరువుల కోసం ఫోన్ యాప్ తయారుచేసే చిన్న కంపెనీకి వెళ్ళాను. యజమాని గారు చెరువులున్న కుటుంబంలోంచి వచ్చిన మనిషి, మంచివారు. రోజూ మీటింగులో నిలబడి “ఏమైనా ఇబ్బందులున్నాయా?” అని అడిగేవారు. “ఏం లేవండి” అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. నేనిచ్చిన ప్రశ్నల కాగితంలోనూ అందరూ ‘చాలా బాగుంది’ దగ్గరే టిక్కు పెట్టారు. నా పంట పండిందనుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన పండు ఇచ్చారు. ఎక్కడో తప్పు ఉందన్నమాట.

“పెళ్ళి భోజనాల్లో కూర ఎలా ఉందని వడ్డించేవాళ్ళు అడిగితే, ఉప్పెక్కువైందని ఎప్పుడైనా అన్నావా అమ్మాయ్?”

“లేదండి.”

“మరి వీళ్ళంటారా? మళ్ళీ వెళ్ళు. ఆఫీసులో కాదు, టీ తాగేచోట కూర్చో.”

టీ బడ్డీ దగ్గర కూర్చున్నాక గానీ అసలు సంగతి బయటపడలేదు. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగాలి. అది ఒక్కోసారి ఆలస్యంగా మోగుతోంది. జట్టులో అందరికీ తెలుసు. కానీ ఆ భాగం యజమాని గారు స్వయంగా రాసుకున్నది. పెద్దాయన ముఖం మీద ఎలా అంటామండీ అన్నారు వాళ్ళు. మాస్టారు “థీసిస్‌లో రాసేముందు ఆయనకి చెప్పు” అన్నారు. చెప్పాను. “నాకెవరూ చెప్పలేదేంటండీ?” అని ఆయన చాలా నొచ్చుకున్నారు. తర్వాత దాన్ని సరిచేయించారు.

ఆ అందమైన టిక్కులన్నీ పక్కన పెట్టి, ఈ సంగతే థీసిస్‌గా రాశాను. వైవా రోజున బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి అడిగారు. “ఇంతకీ ఎజైల్ పనిచేస్తుందంటారా, చేయదంటారా?” నా ఏళ్ళ చదువంతా ఆ ప్రశ్న మీద వేలాడుతోంది. మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తున్నారు.

“తెలియదండి” అన్నాను. “ఎక్కడ, ఎవరితో అని అడిగితే కొంత చెప్పగలను.”

ఎగ్జామినర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “అయితే భీమవరంలో ఎందుకు పనిచేయలేదో చెప్పండి” అన్నారు. అక్కణ్ణుంచి నా నోటికి అడ్డులేదు. బయటికి రాగానే మాస్టారు వరండా అంతా వినపడేలా “అమ్మయ్య!” అన్నారు. నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డారని అప్పుడు తెలిసింది.

రిటైరయ్యాక కూడా సమీక్ష ఆపలేదు. ఇళ్ళనుంచి పనిచేసే జట్లు వచ్చాయి, పెద్ద కంపెనీల్లో గుంపులు గుంపులుగా జట్లు వచ్చాయి, ఆయన చదవాల్సిన పేపర్లు పెరిగాయి. ఈమధ్య కోడ్ రాసే ఏఐని చూసి, “ఇది ‘అలాగేనండి’ అనడంలో మనవాళ్ళని మించిపోయిందమ్మా. దీన్ని జట్టులో పెట్టుకుంటే ఏమవుతుందో ఇంకా ఎవరికీ తెలియదు” అని నవ్వారు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగుండటం లేదు.

ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరిదీ అదే మాట. “తగ్గిపోతుందండి.” “తగ్గగానే అన్నవరంలో వ్రతం చేయిద్దామండి.” మందులు ఇక పనిచేయడం లేదని డాక్టరు గారు నాకూ, మేం అమ్మగారని పిలిచే మాస్టారి భార్యకీ బయట చెప్పారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “నా వల్ల కాదమ్మా. నువ్వూ చెప్పకు” అన్నారు. సరేనన్నాను.

నేను లోపలికి వెళ్ళేసరికి మాస్టారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు.

“ఇవాళ మీటింగు నేను పెడతాను. అడ్డమేమైనా ఉందా అమ్మాయ్?”

ఏం లేదండి అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మగారికి ఇచ్చిన మాట ఒకవైపు, ఈయన నేర్పిన చదువు ఒకవైపు. అది అనేస్తే ఈ మనిషి దగ్గర నేను నేర్చుకున్నదేమీ లేదని నాకు నేనే ఒప్పుకున్నట్టు.

“ఉందండి” అన్నాను. “మందులు పనిచేయడం లేదన్నారు.”

“ఎన్నాళ్ళుంటానన్నారు?”

“తెలియదన్నారండి.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. తర్వాత మెల్లగా “అమ్మయ్య” అన్నారు. “అందరూ బాగానే ఉంది, బాగానే ఉంది అంటుంటే, నా ఒళ్ళే నాతో అబద్ధమాడుతోందేమో అనుకున్నాను. మీ అమ్మగారిని పిలు. పాపం, ఒక్కతే మోస్తోంది.”

ఆవిడ లోపలికి వెళ్ళారు. నేను వరండాలో నిలబడ్డాను. చాలాసేపటికి ఇద్దరి ఏడుపూ, ఇంకా చాలాసేపటికి ఇద్దరి మాటలూ వినిపించాయి.

ఆ తర్వాత ఆయన ఇంటికి వచ్చేశారు. ఓపిక ఉన్న రోజు చూసుకుని ఇద్దరూ కారులో అన్నవరం వెళ్ళొచ్చారు. “ఈసారి స్వామిని ఏమీ అడగలేదమ్మా. ఊరికే చూసొచ్చాం” అన్నారు అమ్మగారు. సమీక్షకు ముగింపు రాసే పని కూడా ఆయన పెట్టుకోలేదు. ఇంతవరకు తెలిసింది, ఇక్కడినుంచి తెలియదు అని చివర ఒక్క వాక్యం చేర్చి పత్రికకు పంపేశారు. నన్ను పూర్తిచేయమని అడగలేదు. నా మీద ఏ బరువూ పెట్టకుండా వెళ్ళారు.

పెద్దకార్యం రోజున ఆయన శిష్యులం చాలామందిమి వెళ్ళాం. షామియానా కింద కుర్చీలు వేసే ఉన్నాయి. అమ్మగారు తిరుగుతూ వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తున్నారు. ఆవిడ నిలబడి ఉంటే మేమెలా కూర్చుంటాం? అందరం నిలబడే ఉన్నాం. అప్పట్లో కుర్చీ మోసుకొచ్చిన లెక్చరర్ గారు కూడా.

ఆవిడ నా దగ్గరికి వచ్చారు. ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నానంటారు. అందుకని మాస్టారి ప్రశ్నే అడిగాను.

“అడ్డమేమైనా ఉందా అమ్మగారూ?”

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నిన్న పొద్దెక్కేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానమ్మా. ఇన్ని నెలల తర్వాత. ఆయన లేకుండా అంత హాయిగా నిద్రపట్టడం తప్పేమో.”

“తప్పు కాదండి.”

“మొహమాటానికి అనడం లేదు కదా?”

“లేదండి. మాస్టారి శిష్యురాలిని.”

“అమ్మయ్య” అన్నారావిడ. పక్కనున్న కుర్చీ ఒకటి లాక్కుని, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. మేమందరం ఆవిడ చుట్టూ అలాగే నిలబడి ఉన్నాం.