దయచేసి నెట్టకండి

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది: సైకిలు తొక్కడంలో కృష్ణా జిల్లావాణ్ణి మించినవాడు భూమ్మీద లేడని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో దానికి నా దగ్గర రుజువులు కూడా ఉండేవి. ఆదివారం పొద్దున్నే బందరు నుంచి మంగినపూడి బీచికి తొక్కుకుంటూ వెళ్ళి, అమ్మ ఇడ్లీ రేకులు దించే వేళకి తిరిగొచ్చేసేవాణ్ణి. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం నాది. అటు నీళ్ళూ ఇటు బురదా, మధ్యలో జానెడు గట్టు. ఒక చేత్తో సీసాల పెట్టె పట్టుకుని రెండో చేత్తో సైకిలు నడిపేవాణ్ణి. (రెండుసార్లు చెరువులో పడ్డ మాట నిజమే. రొయ్యలు సాక్ష్యం చెప్పలేవు కాబట్టి అవి లెక్కలోకి రావు.) రోడ్లు అప్పుడప్పుడూ పైకి కూడా వెళ్తాయన్న సంగతి నాకు తెలుసు. నా కాళ్ళకి మాత్రం తెలీదు. మా వైపు ఎత్తంటే తాటిచెట్టు, దాని మీదికి సైకిలు వెళ్ళదు.

ఈ నమ్మకంతోనే గుడివాడలో మా పిన్ని కూతురి పెళ్ళి భోజనాల్లో నోరు జారాను. నా పక్కన మా అక్క మొగుడు, మా బావ కూర్చున్నాడు. బావది దివిసీమ, అవనిగడ్డ పక్క పల్లె. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ అక్కడి గుట్టలన్నీ సైకిలు మీద ఎక్కడం నేర్చుకున్నాడు. నేపాల్‌లో కొండల మీద ఐదు రోజుల సైకిలు పందెం ఒకటి ఉందిట, దాని కోసం రెండేళ్ళుగా సెలవులన్నీ కూడబెట్టుకున్నాడు. అది జంటల పందెం. ఇద్దరూ కలిసి బయల్దేరాలి, కలిసి చేరాలి, ఏ రోజైనా ఒకడు గడువులోపల చేరకపోతే ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. మూడు నెలల్లో పందెం ఉందనగా బావ జంటవాడు ఎక్కడో పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. బావ విస్తరి ముందు కూర్చుని గోంగూరన్నం కలుపుతూనే ఉన్నాడు తప్ప ముద్ద ఎత్తడం లేదు. నాకది చూడబుద్ధి కాలేదు. మూడో పూర్ణం నోట్లో ఉండగానే, "దానికంత దిగులెందుకు బావా, నేనొస్తాగా" అన్నాను.

"కొండలురా బావమరిదీ" అన్నాడు బావ.

"కొండలైతే ఏం? ఎక్కడైనా తొక్కడమేగా!"

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞత అనుకుని నేను భుజం కూడా తట్టాను. (గోంగూరలో కారమని తరవాత చెప్పాడు.)

వారం తిరిగేసరికి వీధి వీధంతా నేను ఫారిన్ వెళ్తున్నానని తెలిసిపోయింది. అమ్మ చెప్పింది. నేపాల్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదనీ ఓటరు కార్డు చాలనీ నేనంటే, "ఆ మాట బయటెక్కడా అనకు" అంది. బావ తన పాత కొండ సైకిలు రైల్లో పంపాడు. దాన్ని బిగించమని వీధి చివర సైకిలు షాపు మావయ్యకి ఇచ్చి సాయంత్రం వెళ్ళేసరికి, దానికి వెనక ఉక్కు క్యారియరూ స్టాండూ, ముందు గంటా ఉన్నాయి. "క్యారియర్ లేకుండా ఎవడో మోసం చేసి అమ్మేశాడండీ మీ బావగారికి. పాత సామాన్లో మంచిది చూసి వేశాను, ఏం ఇవ్వక్కర్లేదు, కొండెక్కినప్పుడు మన ఊరి పేరు చెప్పండి చాలు" అన్నాడు. అంత ప్రేమగా వేసినదాన్ని పీకెయ్యమనడానికి నోరు రాలేదు. ఆ క్యారియరే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

ఇంక కొండ కావాలి. బెజవాడలో కొండలున్నాయి గానీ, అక్కడిదాకా తొక్కితే ఎక్కడానికి కాళ్ళు మిగలవు. వెతగ్గా వెతగ్గా దొరికింది గుడివాడ రోడ్డులో రైలు పట్టాల మీదుగా కట్టిన వంతెన. రోజూ పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి ఇరవైసార్లు ఎక్కి దిగాలి. బావ సైకిలుతో పాటు పంపిన చేతి గడియారం ఎంత సేపట్లో ఎక్కానో లెక్కగట్టి, నేను ఇంటికి చేరేలోపే బెంగుళూరులో బావ ఫోనుకి చేరవేస్తుంది. మొదటి రోజు నాలుగోసారికే కళ్ళు బైర్లు కమ్మాయి. ఆరోసారి ఎక్కుతుంటే వెనక నుంచి మోపెడ్ చప్పుడు వినిపించింది. ఇళ్ళకి పాలు పోసి ఖాళీ క్యాన్లతో తిరిగెళ్తున్న పాల బాబాయ్.

"ఏవండీ అబ్బాయిగారూ, చైనేవన్నా పట్టేసిందా? ఎక్కలేకపోతున్నారే!"

"లేదు బాబాయ్, ప్రాక్టీసు."

"సర్లెండి, హ్యాండిలు గట్టిగా పట్టుకోండి" అంటూనే కాలు చాపి నా క్యారియర్‌కి ఆనించాడు. మా వైపు ఇది మామూలే. బండిలో పెట్రోలు అయిపోయినవాణ్ణి, ఎదురుగాలికి సైకిలు తొక్కలేనివాణ్ణి చూసి కాలు చాపకుండా వెళ్ళిపోతే, ఆ మనిషి గురించి ఊళ్ళో చెడ్డగా చెప్పుకుంటారు. కళ్ళు మూసి తెరిచేలోగా వంతెన నెత్తి మీదున్నాను. ఆ తరవాత చేపల ట్రేలు వేసుకెళ్ళే ఆటో అతను ఒక చెయ్యి బయటికి చాపి నా భుజం పట్టి తోశాడు. రోజూ అదే మనిషి అదే వంతెన ఎక్కి దిగడం చూసి వాళ్ళకు ఇది ఏదో మొక్కని అనుమానం, అందుకే నా ఇరవై పూర్తయ్యేదాకా వంతులేసుకుని తోసేవారు. "ఇంకా ఎన్ని ప్రదక్షిణాలున్నాయండీ?" అని అడిగేవాడు ఆటో అతను, ఎంతో జాలిగా.

నేను వద్దనలేదా అంటే, అన్నాను. మొదటి రెండు రోజులూ గట్టిగానే వద్దన్నాను. మూడో రోజు మెల్లగా అన్నాను. నాలుగో రోజు ఊరుకున్నాను. ఐదో రోజు పాల బాబాయ్ ఇంకా రాలేదేమిటని వంతెన కింద ఆగి వెనక్కి చూశాను. ఆ రాత్రి బావ ఫోను చేశాడు. "ఒరేయ్, ఏం పెట్టి పెంచిందిరా అత్తయ్య నిన్ను? వారంలో ఇంత మార్పేంటి! నాకంటే స్పీడుగా ఎక్కుతున్నావు!" అప్పుడే నిజం చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బావ గొంతులో పెళ్ళినాటి దిగులు పోయి సంతోషం వినిపిస్తోంది, దానికి కారణం నేనే. పైగా, అబద్ధమెందుకు, పొగడ్త తియ్యగా ఉంది. "చెరువు గట్ల అలవాటు బావా" అన్నాను. అలా రెండు నెలలు గడిచాయి.

పందానికి పదిహేను రోజులుందనగా, కలిసి తొక్కుదామని బావ తన సైకిలుతో సహా బందరు దిగాడు. మధ్యాహ్నం ఎండలో తొక్కితేనే ఒంటికి మంచిదన్నాను (ఆ వేళకి పాలూ చేపలూ రోడ్డు మీద ఉండవు). వినలేదు. "రోజూ నువ్వు వెళ్ళే టైముకే వెళ్దాం" అన్నాడు. ఆరింటికి వంతెన ఎక్కడం మొదలుపెట్టాం. సగంలో నేను రొప్పుతున్నాను, బావ నన్ను వింతగా చూస్తున్నాడు, వెనక మోపెడ్ చప్పుడు. ఈ ఒక్క రోజూ పాల బాబాయ్ చూపు నా మీద పడనివ్వకు తల్లీ అని దుర్గమ్మకి మొక్కుకున్నాను. ఇంతలోనే క్యారియర్ మీద కాలు పడింది. "ఇవాళ నా కోసం కింద ఆగలేదేంటండీ అబ్బాయిగారూ!" అంటున్నాడు. "బాబాయ్, వద్దు, ఆగు" అంటే, "మీరు మాట్లాడకండి, ఆయాసం వస్తుంది" అని రోజూ కంటే జోరుగా తోశాడు. నేను తలొంచుకుని బావని దాటి దూసుకుపోయాను. పాల బాబాయ్ నన్ను పైన దింపి, బండి తిప్పుకుని మళ్ళీ కిందికెళ్ళాడు. "మీరు మన అబ్బాయిగారి తాలూకా అండీ? మీరు కూడా కాళ్ళు కదపకుండా కూర్చోండి" అంటున్న మాట పైకి వినబడింది.

బావ సొంతంగా ఎక్కి వచ్చి, సైకిలు పిట్టగోడకి ఆనించి పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ బావా."

"అయితే నాకొచ్చిన టైములన్నీ..."

"సగం పాలాయనవి, సగం ఆటో అతనివి."

"మరి నీవేంట్రా?"

"దిగుడంతా నాదే బావా."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కింద పట్టాలకేసి చూస్తూ, "రెండేళ్ళురా" అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన రెండేళ్ళ కష్టాన్ని నేను మూడో పూర్ణంతో పాటు మింగేశాననిపించింది.

బయల్దేరేలోపు మిగిలిన పది రోజులైనా సొంత కాళ్ళతో ఎక్కుతానని ఒట్టేశాను. కానీ నేను మానితే చాలదు, జనం మానాలి. పెడనలో కలంకారీ అద్దకం చేసే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయన దగ్గరికెళ్ళి, వీపుకి కట్టుకునేందుకు 'దయచేసి నెట్టకండి' అని గుడ్డ మీద రాసిమ్మన్నాను. ఆయన ఏ పనీ ఊరికే చెయ్యడు. అక్షరాల చుట్టూ మామిడి పిందెల అంచు వేసి, నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు అద్దిచ్చాడు. అది కట్టుకుని వంతెనెక్కితే, ఇప్పుడు మొక్కు మరీ కఠినమైందని జనానికి రూఢి అయిపోయింది. నెట్టడం మానేశారు, దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు. ఒక పెద్దావిడ చెంబుడు నీళ్ళు నా ముందు చక్రానికి పోసి పసుపు రాసింది. పాల బాబాయ్ మాత్రం రోజూ పక్కనే నెమ్మదిగా బండి పోనిస్తూ, కాలు చాపబోయి, గుడ్డ చూసి వెనక్కి తీసుకుని, "నా వల్ల కావట్లేదండీ చూడ్డం" అని వెళ్ళిపోయేవాడు. పదో రోజుకి ఇరవైలో పన్నెండుసార్లు ఎక్కగలిగాను. బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

నేపాల్‌లో మొదటి రోజే అర్థమైంది, నేనెక్కింది వంతెన కాదు, గడప అని. పొద్దున్న మొదలైన ఎక్కుడు ఎండెక్కినా అయిపోలేదు. అందరూ మమ్మల్ని దాటుకుపోయారు. గడువు దగ్గర పడుతోంది, ముందు ఇంకా మూడు మలుపులున్నాయి, నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. అలవాటు చొప్పున మెడ వెనక్కి తిరిగింది. "పాలాయన రాడురా ఇక్కడికి" అన్నాడు బావ. నాకు ఏడుపొచ్చింది. "క్షమించు బావా, నీ రెండేళ్ళూ..." అంటుండగా నా వీపు మీద, ఆ నెమళ్ళ గుడ్డ మీద, ఒక చెయ్యి పడింది. బావ ఒక చేత్తో తన సైకిలు నడుపుకుంటూ రెండో చేత్తో నన్ను తోస్తున్నాడు. పందెంలోంచి తీసేస్తారేమోనని హడలిపోయాను. బయటివాళ్ళే నెట్టకూడదుట, జంటలో ఒకరినొకరు నెట్టుకోవచ్చుట.

"ముందే తెలుసా బావా నీకు?"

"రెండేళ్ళ కిందటే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆ పన్నెండు మాత్రం ఎక్కేవాడివా?"

ఐదు రోజులూ అలాగే వెళ్ళాం. చదునుగా ఉన్నచోట నేను ముందుండి గాలికి అడ్డుపడేవాణ్ణి, ఎక్కుడులో ఆ చెయ్యి నా వీపు మీద ఉండేది. గడువులోపల చేరిన జంటల్లో మాదే చివరిది. ఆ సాయంత్రం బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చుట్టుపక్కల ఎక్కడా గోంగూర లేదు.

ఇప్పుడు నాకు పొట్టొచ్చింది, స్కూటరొచ్చింది. మొన్న పొద్దున్న ఆ వంతెన మీద నా ముందు ఒకాయన సైకిలు తొక్కుతున్నాడు. నెత్తిన హెల్మెట్, చేతికి గడియారం, మొహమంతా చెమట. నా ప్రమేయం లేకుండానే కాలు చాచుకుంది. "వద్దు బాబాయ్, ప్రాక్టీసు!" అన్నాడతను ఉలిక్కిపడి. నేను బాబాయినైపోయిన సంగతి నాకు తెలిసింది అప్పుడే. సరే బాబూ అని కాలు తీసేసి ముందుకెళ్ళిపోయాను. కానీ నాకా వంతెన దగ్గర ఏ పనీ లేకపోయినా, ఈ వారమంతా ఆ వేళకి అటే వెళ్ళాలనుకుంటున్నాను. మొదటి రెండు రోజులూ నేను కూడా అలాగే అన్నాను కదా.