మూడో ట్యాబ్

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేనూ మా ఆయన రఫీ ఒకే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. మంగళగిరి చీరలమ్మే వెబ్‌సైటు ఒకటి మా చేతిలో ఉండేది. సైటు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మనిషికి బదులు ప్రోగ్రామే చీర బొమ్మ మీద నొక్కుతుంది. కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. అక్కడ చూడాల్సింది చూసి మొదటి ట్యాబ్‌కి తిరిగొస్తుంది. ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే. పోయిన ఏడు గుండెనొప్పితో ఆయన పోయాక అది నా నెత్తిన పడింది.

చివర్లో 'క్విట్' అనే లైను మాత్రం నేను చేర్చాను. 'క్లోజ్' అంటే ఉన్న ట్యాబ్ ఒక్కటే మూస్తుంది, 'క్విట్' అంటే అన్నీ ఒకేసారి పోతాయి. ఆయనకి క్విట్ అంటే పడేది కాదు. "అన్నీ మూసేస్తే ఏం జరిగిందో ఎట్లా తెలుస్తది నజ్మా?" అనేవాడు. నాకేమో పనయ్యాక ట్యాబులు తెరిచి ఉంటే చిరాకు.

ఆ రాత్రి కంకిపాడులో ఇంట్లోనే ఉన్నాను. సైటు వాళ్ళు రాత్రిపూటే టెస్టులు నడపనిస్తారు. అత్తగారు నిద్రపోయారు. ఫ్యాను కిర్రు... కిర్రుమంటోంది. రన్ కొట్టాను.

తెరిచిన ట్యాబులెన్నో ప్రోగ్రాం లెక్కపెట్టి చెబుతుంది. ఎప్పుడూ రెండే. ఆ రోజు... మూడంది.

చూశాను. నిజంగానే మూడో ట్యాబ్. అదే సైటు, కొన్నవాళ్ళు అభిప్రాయం రాసే పెట్టె. అందులో ఒక అక్షరం పడింది. 'న'... ఆగింది. 'జ'... మళ్ళీ ఆగింది. అరే, వినండి. ప్రోగ్రాం రాస్తే వాక్యమంతా ఒక్క ఊపున పడిపోతుంది. ఇది తప్పు కొట్టి... చెరిపి... మళ్ళీ కొడుతోంది. మా ఆయన రెండు వేళ్ళతో అలాగే కొట్టేవాడు.

భయం వేయలేదంటే అబద్ధం. కానీ భయం కంటే ఆశ ఎక్కువైంది. ఆ మనిషి మాట ఒక్కటైనా మళ్ళీ వినాలని ఏడాదిగా నా ప్రాణం కొట్టుకుంటోంది. 'నజ్మా' అని పూర్తయింది. పక్కన కాస్త ఖాళీ... ఇంకేదో అక్షరం మొదలైంది...

టక్కున అన్నీ మూసుకుపోయాయి. నేను రాసిన క్విట్.

తెల్లవారేదాకా మళ్ళీ మళ్ళీ నడిపాను. రెండే. ఆ లైను తీసేసి ఇప్పటికీ నడుపుతూనే ఉన్నాను. పాత టెస్టేదో దాంతోపాటు నడిచిందేమో అంటాడు మా టీం లీడు. అయ్యుండొచ్చు. ఆయనే అయ్యుండొచ్చు. నాకు తెలీదు.

పొద్దున అత్తగారికి చెప్పాను. భయపడతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు.

"వాడింకా ఏదో చెబుతున్నాడు కదా బేటీ... మొత్తం చదవకుండా ఎందుకు మూసేశావు?"