గోదావరిలో వేసిన వెండి రూపాయి

ఆన్‌లైన్‌ల కొన్న మూడు పాత వెండి రూపాయల్లో రెండు అయస్కాంతానికి అతుక్కున్నయి. వెండి అతుక్కోదు. ఇగ చేత్తో పట్టి చూడంది కొనొద్దని, భద్రాచలంలో పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గరికి పోయిన. దర్శనానికని అమ్మ కూడా వెంట వచ్చింది.

ఆయన చూపించిన రూపాయి కొంచెం నల్లబడ్డది, కానీ రాజు మీసం దాకా తెలుస్తంది. అయస్కాంతం పెడితే అంటుకోలే. ఎక్కడిదని అడిగిన.

"ఎండాకాలం వంతెన కింద ఇసుక జల్లించేటోళ్లు తెస్తరు సార్" అన్నడు.

అడిగినంత ఇచ్చి, చిన్న ప్లాస్టిక్ డబ్బీల పెట్టించుకొని, అమ్మ సంచిల వేసిన. నా జేబు కంటే అమ్మ సంచి భద్రమని నా నమ్మకం.

తిరుగు బస్సు వంతెన మీదికి రాంగనే అమ్మ కిటికీలకెల్లి ఏదో విసిరి దండం పెట్టింది. గోదావరి దాటినప్పుడల్లా ఆమె ఒక రూపాయి వేస్తది. నేను పట్టించుకోలే. ఒడ్డు దాటినంక చూస్తే ఆమె చేతిల ఖాళీ డబ్బీ ఉంది.

"అమ్మా, రూపాయేది?"

"అది దుకాణంల చెల్లదు కదరా. చెల్లేది ఇంట్లకు పనికొస్తది. గోదారమ్మకు ఏదైనా ఒకటే."

డబ్బీ కుంకుమకు పనికొస్తదని మళ్ల సంచిల పెట్టుకున్నది.

ఇంటికొచ్చి దుకాణపాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పిన. గట్లాంటిదే ఇంకోటి ఉందా అని అడిగిన. ఆయన నవ్వలే.

"ఎండాకాలం దాకా ఆగుండ్రి సార్" అన్నడు.